మొండి బ్యారన్ దగ్గర ఆగే గుర్రం

మొండి బ్యారన్ దగ్గర మీరేం చూశారు? ముందు అది చెప్పండి.

"అక్కడ దెయ్యముందండీ" అనే మాట నాకొద్దు. ఆ మాట చాలామంది నోట విన్నాను. మీ రెండు కళ్ళతో మీరు ఏం చూశారు — అదొక్కటే నాకు కావాలి.

ఒకాయన తెల్లచీర అన్నాడు. ఇంకొకాయన కాదు, గళ్ళచీర అన్నాడు. పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయని ఒకడు ఒట్టు వేశాడు. ఆ రాత్రి అమావాస్య కదరా, నీ చేతిలో దీపం కూడా లేదు కదరా, పాదాలెలా కనిపించాయి అంటే తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు. ఇన్ని కోతల మధ్య ఒక్క సంగతి మాత్రం అందరూ ఒకేలా చెప్పారు. దాని దగ్గరికి చివర్లో వస్తాను.

మా ఊరి నుంచి చీరాల ఏడు మైళ్ళు. నాలుగో మైలురాయి దాటగానే ఎడమచేతి వైపు పొగాకు కాల్చే బ్యారన్ ఒకటి ఉంది. మూడు నిలువుల ఎత్తు ఇటిక గది. కిటికీలుండవు. పచ్చాకును కర్రలకు గుచ్చి లోపల అంచెలంచెలుగా వేలాడదీసి, కింద గొట్టాల్లోకి మంట పెట్టి, రాత్రింబవళ్ళు కాపలా కాస్తూ పండిస్తారు. ఈ బ్యారన్‌లో మాత్రం యాభై అయిదో సంవత్సరం నుంచి పొయ్యి వెలగలేదు. పైకప్పు రేకులు ఎవరో పీక్కుపోయారు, అందుకే మొండి బ్యారన్ అంటారు. తలుపు కూడా పోయింది. తలుపుండాల్సిన చోట నిలువుగా ఒక నల్లటి సందు... రోడ్డు వైపే చూస్తుంటుంది.

చుట్టూ రెండు మైళ్ళ దాకా కొంప లేదు. ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప. చీకటి పడితే ఆ చోట ఎడ్లబండి వాడు కూడా ఎడ్ల తోక మెలిపెడతాడు.

నేను చెప్పేది నాగూర్ వలికి జరిగింది. వలి మా ఊరి దూదేకులాయన. అతని నోటనే మూడుసార్లు విన్నాను. మూడుసార్లూ ఒక్క మాట మారలేదు. అబద్ధమైతే చెప్పినకొద్దీ పెరిగేది. ఇది పెరగలేదు.

వలికి గుర్రాల సంగతి తెలియదు. అతనికి తెలిసింది దూది. విల్లు మీటితే దూది మబ్బులా లేచేది. పిడికెడు దూది చేత్తో పట్టుకుని, వీశెకు ఎన్ని పలాలు తక్కువో చెప్పేవాడు. తూచి చూస్తే అంతే ఉండేది. చీరాలలో దూదేకే మిషన్లు వచ్చాక పని తగ్గింది. అయినా అతను జట్కా కొన్నది దానికోసం కాదు.

అతని భార్య ఖుర్షిదాకు ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. రెండో పురుడు నాకు బాగా గుర్తుంది. మిరపకాయ కోతల రోజులు. నొప్పులు మొదలైతే వలి బండి కోసం ఊరంతా తిరిగాడు. ఒకడు బండి చేలో ఉందన్నాడు. ఒకడు ఎడ్లు అలిసిపోయాయన్నాడు. ఒకడు తలుపే తియ్యలేదు. ఎలాగో ఒక బండి దొరికేసరికి అర్ధరాత్రి దాటింది. ఎడ్లు ఏడు మైళ్ళు నడిచేసరికి తెల్లవారింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒకే మాట అంది — "రెండు గంటలు ముందు తెస్తే బతికేదయ్యా."

రెండు గంటలు! మా ఊళ్ళో ఆ రాత్రి ఎన్ని బళ్ళు ఖాళీగా పడున్నాయో నాకు తెలుసు. చెబితే ఇప్పటికీ కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి.

మూడోసారి ఖుర్షిదా నెల తప్పగానే వలి అన్నాడు — "ఈసారి ఎవడి గుమ్మం ముందూ నిలబడను. నా బండి నాకుండాలి."

విల్లు తప్ప అమ్మగలిగిందంతా అమ్మి, చీరాల వెళ్ళాడు. స్టేషన్ దగ్గర గుర్రాలకు లాడాలు కొట్టే ఇమాం హుస్సేన్ అతనికి వరసకు మామ. నోరు పెద్దది, మనసు మంచిది.

"దూది పని చేసేవాడివి, నీకు గుర్రమెందుకురా? అది తంతే నువ్వే దూదిలా ఎగిరిపోతావు" అని నవ్వాడు. నవ్వుతూనే చొక్కా తొడుక్కుని వెంట బయల్దేరాడు.

మొదటి బండి గుంటూరులో చూశారు. పచ్చరంగు కొత్తగా వేసి నిగనిగలాడుతోంది. వలి మురిసిపోయాడు. ఇమాం హుస్సేన్ చక్రం ఆకు మీద గోరుతో గీశాడు. రంగు పెచ్చులా లేచింది. లోపల నిలువునా పగులు, పగుల్లో లక్క.

"ఏమయ్యా, బండి అమ్ముతున్నావా, బొమ్మ అమ్ముతున్నావా?" అని అడిగి వచ్చేశాడు.

రెండోది మార్టూరులో. గుర్రం నిప్పులు తొక్కినట్టు గంతులేస్తోంది. "చూశావా మామా, ఎంత హుషారో!" అన్నాడు వలి. ఇమాం హుస్సేన్ తోక ఎత్తి వాసన చూశాడు. మూడు తుమ్ములు తుమ్మాడు.

"హుషారు కాదురా నాయనా, మిరప్పొడి! మన జిల్లా కారం ఎక్కడెక్కడ పనికొస్తుందో చూడు."

మూడోది చీరాలలోనే, బుల్లయ్య అనే జట్కా ఆయనది. గోధుమరంగు ఆడ గుర్రం. నుదుట తెల్లటి బొట్టు. పేరు చుక్క. ఇమాం హుస్సేన్ పళ్ళు చూశాడు. నాలుగు గిట్టలూ ఎత్తి చూశాడు. చక్రం తిప్పి ఇరుసు దగ్గర చెవి పెట్టి విన్నాడు. ఎక్కడా వంక లేదు. డొక్క మీద చెయ్యి వేసి మాత్రం ఆగిపోయాడు.

అక్కడ పాత దెబ్బల చారలున్నాయి. పక్కపక్కనే, దగ్గరదగ్గరగా. అన్నీ ఒకే రాత్రి తగిలినట్టు.

"బుల్లయ్యా, ఇంత మంచి జీవాన్ని ఎవడయ్యా ఇలా కొట్టింది?"

బుల్లయ్య గుర్రం మెళ్ళో గజ్జెలు సర్దాడు.

"లోపం లేని బండి ఎవడూ అమ్మడు. ఇందులో లోపమేంటో చెప్పు."

"లోపం బండిలో లేదు, గుర్రంలోనూ లేదు" అన్నాడు బుల్లయ్య నేల చూస్తూ. "నావల్ల కావట్లేదు, అంతే." బేరం కూడా ఆడకుండా పగ్గాలు వలి చేతిలో పెట్టాడు. పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు — "తమ్ముడూ, పగలు తోలుకో. రాత్రిపూట మీ ఊరి వైపు నుంచి చీరాలకు మాత్రం రావొద్దు."

"ఎందుకన్నా?"

"వద్దన్నాను. అంతే."

ఇమాం హుస్సేన్ ఆ పూటే వలికి పాఠం చెప్పాడు. "జట్కాకు రెండే చక్రాలు. వెనక బరువెక్కువైతే గుర్రానికి రెండు పక్కలా ఉండే ఈ నొగలు పైకి లేస్తాయి, పొట్టపట్టీ దాని కడుపును కోస్తుంది. ముందు ఎక్కువైతే వీపు విరుగుతుంది. అందుకని నీ పని తోలడం కాదు, జరపడం. 'ముందుకు జరగండి, వెనక్కు జరగండి.' ఈ రెండు మాటలు వస్తే జట్కా వచ్చినట్టే. నిద్రలో లేపినా ఆ మాటే రావాలి."

వలికి రెండు రోజుల్లో పట్టుబడింది. దూది తూచిన చేతులు కదా. పగ్గం పట్టుకుంటే చాలు, వెనకెక్కింది లావాటి మనిషో బక్కమనిషో చెప్పేసేవాడు. కొత్త అలవాటు వచ్చింది సరే, పాతది పోతుందా! బండిలో గడ్డి తీసేసి, ఏకిన దూదితో మెత్తటి పరుపు కుట్టి వేశాడు. మా ఊరి ఆడవాళ్ళు ఆ పరుపు మీద కూర్చోవడానికే చీరాల బయల్దేరేవాళ్ళు.

నెలన్నర పగలే తోలాడు. భాద్రపదంలో మా బడి పంతులుగారు రాత్రి మెయిలుకు దిగుతున్నానని ఉత్తరం రాశారు. కాదనలేక, వలి ఖాళీ బండితో చీరాల బయల్దేరాడు.

సన్నటి వెన్నెల. చుక్క మెళ్ళో గజ్జెలు సమంగా మోగుతున్నాయి. నాలుగో మైలురాయి దాటింది...

గజ్జెలు ఆగిపోయాయి.

"పద చుక్కా." కదల్లేదు. చెవులు రెండూ బ్యారన్ వైపు నిక్కబొడుచుకుని ఉన్నాయి. చర్మం మాత్రం వణుకుతోంది... ఆ పాత చారలున్న చోట.

అప్పుడు — బండి వెనకున్న ఇనప మెట్టు కిర్రుమంది.

ఎవరైనా ఎక్కితే తప్ప మోగని మెట్టు.

వలి చేతుల్లో పగ్గాలు మెల్లగా బిగిశాయి. నొగలు లేచాయి. కొంచెం... ఇంకొంచెం. పరుపులో దూది నిట్టూర్చినట్టు కిందికి దిగింది. ఆ చప్పుడు అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

తల తిప్పలేదు. తిప్పడానికి మెడ రాలేదు.

చుక్క తనంతట తానే కదిలింది. పరిగెత్తలేదు. జబ్బుమనిషిని మోస్తున్నట్టు గోతులు తప్పించుకుంటూ నడిచింది. అలా మూడు మైళ్ళు. చీరాలలో స్టేషన్‌కు వెళ్ళే దారి వదిలి ఆసుపత్రి మలుపు దగ్గర ఆగింది. మళ్ళీ మెట్టు కిర్రుమంది. నొగలు కిందికి దిగాయి.

వీధి దీపం కింద అప్పుడు తిరిగి చూశాడు. ఖాళీ.

పంతులుగారిని ఊళ్ళో దింపి, తెల్లారాక మళ్ళీ చీరాల వచ్చి ఇమాం హుస్సేన్ దగ్గర కూర్చుని చెప్పాడు. ముసలాయన నవ్వలేదు. ఒక్కటే అడిగాడు.

"బరువెంతరా?"

"ఆడమనిషి బరువు మామా." వలి చేతులు చూసుకున్నాడు. "ఆ పైన... ఓ రెండు వీశెలు ఎక్కువ. నెలలు నిండిన బిడ్డంత."

ఇమాం హుస్సేన్ చేతిలో సుత్తి కింద పెట్టాడు. "పద, బుల్లయ్య దగ్గరికి."

బుల్లయ్య ముందు కాదన్నాడు. తరవాత తలుపు దగ్గరికి వేసి, గొంతు బాగా తగ్గించి చెప్పాడు.

యాభై అయిదు, పొగాకు కాల్చే రోజులు. ఆ బ్యారన్‌లో మంట కాసే ఆదాం, ఆకు గుచ్చే అతని భార్య రెబ్కా ఉండేవాళ్ళు. ఆమెకు నెలలు నిండాయి. ఒక రాత్రి నొప్పులు వస్తే ఆదాం బండి కోసం మా ఊరికి పరిగెత్తాడు. ఇదే ఊరు, ఇవే గుమ్మాలు! ఒక్కడూ బండి కట్టలేదు. ఈలోగా నొప్పులు ఓర్చుకోలేక రెబ్కా రోడ్డు మీదికి వచ్చి నిలబడింది. చీరాల వైపు వెళ్ళే బండి వస్తే ఎక్కుదామని.

"నా బండే వచ్చింది" అన్నాడు బుల్లయ్య. "రాత్రి మెయిలు ఎక్కే ఆసామి ఒకాయన లోపలున్నాడు. పెట్టెలో పెళ్ళిబట్టలున్నాయి. ఆమె చెయ్యెత్తింది. చుక్క ఆగింది. నేనాపలేదు తమ్ముడూ, చుక్కే ఆగింది. ఆసామి అరిచాడు — 'పురిటి మనిషిని ఎక్కిస్తావా? మైల! బట్టలు పాడైపోతాయి. పైగా పల్లె మనిషి, అంటరానిది! తోలు!' అని. నేను... రేపట్నుంచి నా బండి ఎవడెక్కుతాడు అనుకున్నాను. తోలాను. చుక్క కదలకపోతే కొట్టాను. కదిలేదాకా కొట్టాను."

తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పొద్దున్నే చూశారు. బ్యారన్ గుమ్మంలో పడుంది. ముఖం రోడ్డు వైపు. చెయ్యి ఇంకా ఇలా..."

చూపించబోయి, ఎత్తిన చెయ్యి దించేసుకున్నాడు.

"అప్పట్నుంచీ చుక్క అక్కడ ఆగుతుంది. ఆవిడ ఎక్కేదాకా కదలదు. రెండేళ్ళు మోశాను. ఒక్క రాత్రి కూడా ఒక్క మాట మాట్లాడలేకపోయాను. నీకిష్టం లేకపోతే బండి తిరిగిచ్చెయ్."

వలి నిప్పు తొక్కినట్టు లేచాడు. "రెండు నెలల్లో నా ఇంట్లో పురుడయ్యా! తిరిగిచ్చి ఎవడి కాళ్ళు పట్టుకోను? తెలిసీ నా చేతిలో పెట్టావు!"

అని బండి తోలుకుని ఊరికి వచ్చేశాడు.

పురిట్లో పోయినావిడ ఇంకో పురిటిమనిషిని చూస్తే ఊరుకోదని, తల్లినో బిడ్డనో పట్టుకుపోతుందని మా వైపు ముసలమ్మలు అంటారు. వలి ఆ మాట వింటూ పెరిగినవాడే. బండి గూట్లో దర్గా తాయెత్తు కట్టాడు, వేపమండ కట్టాడు, పరుపు కింద కొడవలి పెట్టాడు. ఖుర్షిదాకు ఏమీ చెప్పలేదు. కాన్పు పగలు రావాలని మొక్కుకున్నాడు. అదొక్కటే.

పగలు రాలేదు.

కార్తీకంలో తుఫాను ముసురు పట్టిన మూడో రోజు. దీపాలు పెట్టే వేళకు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని కరీమున్ డెబ్భై దాటిన మనిషి. రెండు గంటలు చూసి బయటికొచ్చింది.

"బిడ్డ అడ్డం తిరిగింది నాయనా. నా చేతుల్లో లేదు. చీరాల తీసుకుపో. ఇప్పుడే."

వలి బండి కట్టాడు. కాలవకట్ట మీది దారి అప్పటికే తెగిపోయింది. ఉన్నది ఒకటే రోడ్డు. తోడు ఎవరైనా వస్తారేమోనని చుట్టూ చూశాడు.

"ఈ వేళప్పుడు ఆ దారినా!" అని ఒకామె తలుపేసుకుంది. మిగతావాళ్ళు ఆ మాట కూడా అనకుండా వేసుకున్నారు. ఆ వానలో కరీమున్ ముసలి ప్రాణం ఏడు మైళ్ళు రాలేదు.

ఖుర్షిదా కూర్చోలేదు. పడుకోబెట్టాడు. దాంతో బరువంతా వెనక్కి పోయింది. నొగలు లేచాయి. వలి ముందుకు వంగి, చివరికి జరిగి, నొగ మీదే కూర్చున్నా సమం కాలేదు. పొట్టపట్టీ కడుపును కోస్తుంటే చుక్క అడుగు అడుగుకూ మూలిగింది. గాలికి లాంతరు ఆరిపోయింది.

"ఏమయ్యా... ఇంకెంత దూరం?" అంది ఖుర్షిదా.

"వచ్చేశాం. వచ్చేశాం."

రాలేదు. నాలుగు మైళ్ళకు గంట పైన పట్టింది. వెనక కేకలు పలచబడుతున్నాయి. కేకల కంటే అదే ఎక్కువ భయపెట్టింది వలిని.

మైలురాయి దగ్గర పడుతుంటే చెర్నాకోల చేతిలోకి తీసుకున్నాడు. నిర్ణయం చేసుకున్నాడు — ఆగితే కొడతాను. రక్తం వచ్చినా సరే కొడతాను. ఈసారి నా బిడ్డ.

గజ్జెలు ఆగిపోయాయి.

వాన. ఎడమ వైపు మెరుపులో ఒక్క క్షణం ఆ నల్లటి సందు...

చెర్నాకోల ఎత్తాడు. చుక్క తల తిప్పి చూడలేదు, బెదరలేదు. దెబ్బ తగలబోతుందని తెలిసినట్టు డొక్క మాత్రం బిగబట్టింది. అదే చోట. పాత చారల చోట.

ఎత్తిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. బుల్లయ్య కూడా సరిగ్గా ఇక్కడే, ఇలాగే ఎత్తి ఉంటాడు. ఆ రాత్రి ఒకడు రైలు కోసం కొట్టాడు. ఈ రాత్రి నేను బిడ్డ కోసం. రోడ్డు మీద నిలబడ్డ మనిషికి ఆ తేడా ఏం తెలుస్తుంది?

"ఆపావేంటయ్యా..." వెనక నుంచి, వినీ వినపడకుండా.

వలి చెర్నాకోల కింద పడేశాడు. తల తిప్పకుండా, జట్కా వాడికి నిద్రలో లేపినా రావలసిన మాట అన్నాడు.

"అమ్మా... రెబ్కమ్మా... ఎక్కమ్మా. వెనక చోటు లేదు, నా మనిషి పడుకునుంది. నొప్పులు పడుతోంది. నువ్వు — కాస్త ముందుకు జరిగి కూర్చో."

వాన చప్పుడు.

వాన చప్పుడు...

మెట్టు కిర్రుమంది. ఖుర్షిదా ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చింది. వలి కళ్ళు మూసుకున్నాడు. ఏం జరిగినా ఇప్పుడే జరుగుతుంది.

అతని ఎడమ పక్కన, జానెడు దూరంలో, పరుపు దూది మెల్లగా నిట్టూర్చింది.

నొగలు దిగాయి. సమంగా, త్రాసు ముల్లు నిలబడ్డట్టు. పొట్టపట్టీ వదులైంది. చుక్క ఒళ్ళంతా ఒకసారి విదిల్చి — పరుగందుకుంది.

"అలాంటి పరుగు నేను మళ్ళీ చూడలేదు" అని వలి నాతో అన్నాడు. బురద లేదు, గోతులు లేవు. పచ్చి పొగాకు వాసన మాత్రం పక్కనే. మధ్యలో ఒకసారి ఖుర్షిదా గొణిగింది — "చెయ్యి... ఎంత చల్లగా ఉందో. వదలొద్దయ్యా, అలాగే పట్టుకో."

వలి రెండు చేతులూ పగ్గాల మీద ఉన్నాయి.

ఆసుపత్రి మలుపు దగ్గర నొగలు ఒక్కసారి పైకి లేచాయి. పక్కన బరువు లేదు. తెల్లవారే లోపు ఆడపిల్ల పుట్టింది. ఏడ్చింది. అంత గట్టిగా ఏడ్చిన పిల్లను చూడలేదని డాక్టరమ్మ అంది. ఆ పిల్ల ఇప్పుడు మా ఊరి బడిలో రెండో తరగతి చదువుతోంది. నోరు మాత్రం తగ్గలేదు.

ఖుర్షిదా ముంజేతి మీద నాలుగు వేళ్ళ మేర నల్లటి జిగురు అంటుకుని ఉంది. ఆకు గుచ్చే కూలీల చేతులకుండే జిగురు. సబ్బుకు పోదు. నన్నడిగితే, పొగాకు కూలీలు రోజూ ఎక్కే బండే కదా, పరుపుకు అంటింది చేతికి అంటి ఉంటుంది అంటాను. ఖుర్షిదాను అడిగితే నవ్వి ఊరుకుంటుంది.

వలి ఇప్పటికీ ఆ దారినే తోలుతాడు. రాత్రుళ్ళు కూడా. చుక్క ముసలిదైంది, అయినా ఆగుతుంది. వలి ఆ మాట అంటాడు — "ఎక్కమ్మా, కాస్త ముందుకు జరిగి కూర్చో." ఒక్కోసారి మెట్టు మోగుతుంది. ఒక్కోసారి మోగదు.

కథ ఇక్కడితో అయిపోతే నేను ఇంత కోపంగా మొదలుపెట్టే పనిలేదు.

మొన్న మాఘంలో, మిరప కోతల కాలంలో, తెల్లవారుజామున వలి ఖాళీ బండితో మొదటి రైలుకు పోతున్నాడు. చుక్క ఆగింది. వలి మామూలుగా ఆ మాట అన్నాడు. మెట్టు కిర్రుమంది. నొగలు లేచాయి. ఆడమనిషి బరువు, ఆ పైన కొంత ఎక్కువ. అలవాటైన బరువే అనుకుని పగ్గం కదిలించాడు.

బరువు ముందుకు జరిగింది. ఏడుస్తూ మాట్లాడింది.

"అయ్యా... నీకు దణ్ణం పెడతానయ్యా. బిడ్డ ఒళ్ళు కాలిపోతోంది."

వలి ఏడేళ్ళలో మొదటిసారి ఆ చోట తల తిప్పాడు.

వినుకొండ వైపు నుంచి కోతలకొచ్చిన కూలి ఆమె. పేరు బసవమ్మ. రెండేళ్ళ బిడ్డకు జ్వరం మీద ఫిట్లు వస్తే, చేలో గుడిసె నుంచి ఎత్తుకుని పరిగెత్తి ఆ బ్యారన్ దగ్గర రోడ్డెక్కింది. అప్పటికి రాత్రి పది. అప్పట్నుంచి తెల్లవారుజాము దాకా అక్కడే నిలబడింది. రెండు లారీలు పోయాయట. ఒక కారు పోయిందట. మూడు జట్కాలు, లెక్కలేనన్ని ఎడ్లబళ్ళు. అందరూ చూశారట. చూసి, జోరు పెంచారట. కారులో ఒకాయన దేవుణ్ణి తలుచుకోవడం కూడా ఆమెకు వినపడిందట.

బిడ్డ బతికాడు. కుడికాలు మాత్రం ఇప్పటికీ నేల మీద సరిగా ఆనదు.

మీరంతా ఒకేలా చెప్పిన ఆ ఒక్క సంగతికి ఇప్పుడొస్తాను. తెల్లచీరో గళ్ళచీరో, పాదాలు ముందుకో వెనక్కో... ఎవర్నడిగినా, ఆ ఆడమనిషి చెయ్యెత్తి నిలబడిందనే చెప్పారు.

అయితే చెప్పండి. ఆ రాత్రి మీరు జోరు పెంచి దాటిపోయింది — చచ్చిపోయిన రెబ్కానా, బతికున్న బసవమ్మనా?